తాకి చూస్తే తెలిసే జబ్బు, తాకకుండానే వేసిన శిక్ష

పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

మేం పూతలపట్టు దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మాలో యానాదులున్నారు, ఎరుకలున్నారు, సుగాలీలున్నారు. మా ఇండ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. చదువుకున్నోళ్ళం అనుకునే మేమే ఒక తప్పు చేసినాం. ఆ తప్పు చెప్పకుండా ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

పోయిన వానాకాలం మా హాస్టల్లోకి ఫస్టియరు తమ్ముడొకడు వచ్చినాడు. మోచేతి మీద, పెదవి పక్కన తెల్ల మచ్చలు. పాలు ఒలికినట్టు తెల్లగా ఉండేవి. ఎవరు అన్నారో తెలీదు, "తెల్ల కుష్టు" అన్న మాట ఒకటి పుట్టింది. రెండు రోజుల్లో అన్ని గదులూ తిరిగింది. అతని పళ్ళెం అడుగున ఎర్ర పెయింటుతో చుక్క పెట్టినాం, కలవకుండా. బకెట్టు వేరే చేసినాం. పక్క మంచం పిల్లోడు ఇంకో గదికి మారిపోయినాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పొమ్మనలేక పొగ పెట్టడం అంటారే, అదే చేసినాం. పదిహేను రోజులకు ఆ తమ్ముడు బ్యాగు సర్దుకుని ఊరికి పోయినాడు.

మా ఊరి అక్క ఒకామె నర్సింగు చదువుతోంది. ఫోన్లో మాటల మధ్య ఈ సంగతి చెప్తే ఆమె ఒకటే అడిగింది. "తాకి చూసినారా రా?"

మేం చూడలేదు. చూడాలని కూడా తెలీదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే తెలిసిందే ఈ పోస్టంతా.

ఒకే మాట, పది రకాల మచ్చలు

మన పాత వైద్య గ్రంథాల్లో కుష్ఠం అంటే ఒక్క జబ్బు కాదు. చరక సంహితలో పద్దెనిమిది రకాల కుష్ఠాలు చెప్పినారు. ఇప్పుడు మనం తామర, గజ్జి, సోరియాసిస్ అని వేరువేరుగా పిలిచేవి కూడా అందులోనే కలిసి ఉండొచ్చు. బొల్లిని శ్విత్రం అని వేరే పేరుతో చెప్పినా, దాన్ని కుష్ఠం పక్కనే కూర్చోబెట్టినారు. జనం నోట్లో అది శ్వేతకుష్ఠం అయ్యింది, తెల్ల కుష్టు అయ్యింది. ఇక్కడ ఒక మాట మరిచిపోకూడదు. చర్మానికి స్పర్శ పోవడం ఒక లక్షణమని సుశ్రుత సంహితలో ఉంది. అంటే తాకి చూసిన వైద్యుడు ఆ కాలంలోనే ఉన్నాడు. ఆ తాకడం మనదాకా రాలేదు, పేరు మాత్రం వచ్చింది.

ఇది మన దేశం తప్పు ఒకటే కాదు. బైబిలు పాత నిబంధనలో హీబ్రూ భాషలో ఉన్న మాట చర్మం మీద మచ్చకే కాదు, గుడ్డకు పట్టిన బూజుకూ, గోడకు పట్టిన మరకకూ వాడిన మాట. అనువాదాల్లో అది కుష్టు అయిపోయింది. దాంతో యూరప్‌లో కూడా ఎందరో మామూలు మచ్చలవాళ్ళు ఊరి బయట బతకాల్సి వచ్చింది.

మమ్మల్ని బాగా సిగ్గుపడేట్టు చేసిన సంగతి ఇంకొకటి ఉంది. 1901 జనాభా లెక్కల్లో ఇండ్ల చుట్టూ తిరిగి రాసేవాళ్ళకు తెల్లోళ్ళ ప్రభుత్వం ఒక సూచన ఇచ్చింది. ఒళ్ళు తినేసే కుష్టు ఉన్నోళ్ళనే రాయండి, వట్టి తెల్ల మచ్చలున్నోళ్ళను ఆ లెక్కలో రాయొద్దు అని. అంటే బొల్లి వేరు, కుష్టు వేరు అని నూట ఇరవై ఏండ్ల కిందటే లెక్కలు రాసే గుమాస్తాకు కూడా చెప్పినారు. సెల్‌ఫోన్ చేతిలో పెట్టుకున్న మాకు అది తెలీలేదు.

పట్టుకోవడానికి రెండు చట్టాలు

ఇప్పుడు చెప్పేది మన జాతులవాళ్ళు గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సిన భాగం.

1873లో నార్వే దేశంలోని బెర్గెన్ ఊళ్ళో హాన్సెన్ అనే డాక్టరు కుష్టుకు కారణం ఒక సూక్ష్మజీవి అని కనిపెట్టినాడు. అప్పటిదాకా అక్కడి పెద్ద డాక్టర్లు అది రక్తంలో, వంశంలో వచ్చేదని నమ్మేవాళ్ళు. పాపం, శాపం, వంశం అన్న మాటలన్నీ ఆ ఒక్క దెబ్బతో పోవాల్సింది. కానీ అదే హాన్సెన్ తన వాదన రుజువు చేసుకోవడానికి ఒక రోగి అనుమతి తీసుకోకుండా ఆమె కంట్లో ఆ క్రిమిని ఎక్కించే ప్రయత్నం చేసినాడు. ఆమె కోర్టుకు పోయింది. 1880లో ఆయన ఆస్పత్రి ఉద్యోగం పోయింది. పెద్ద శాస్త్రవేత్త అయినా పేదోళ్ళ ఒళ్ళు ఆయన సొత్తు కాదని ఆ కోర్టు చెప్పింది. రెండు సంగతులూ కలిపే చదవాలి.

సూక్ష్మజీవి అనగానే భయం పెరిగింది. హవాయి దీవుల్లో కుష్టు రోగులకు సేవ చేసిన ఫాదర్ డేమియన్ అదే జబ్బుతో 1889లో చనిపోయినాడు. లోకమంతా గగ్గోలు. మన దేశానికి ఒక కమిషన్ వచ్చి 1890-91లో ఊరూరా తిరిగింది. ఈ జబ్బు అంటుకునే గుణం చాలా తక్కువ, జనాన్ని బలవంతంగా వేరుచేయాల్సిన పని లేదు అని తేల్చింది. అయినా 1898లో లెపర్స్ యాక్ట్ తెచ్చినారు.

ఆ చట్టం ఎవరిమీద? కుష్టు ఉన్న అందరిమీదా కాదు. వీధిలో అడుక్కునే రోగి, బతకడానికి కంటికి కనిపించే ఆధారం లేని రోగి, వీళ్ళను పోలీసు వారంటు లేకుండా పట్టుకోవచ్చు, ఆశ్రమంలో పెట్టి ఉంచొచ్చు. డబ్బున్నోడికి అదే జబ్బు ఉంటే ఇంట్లోనే ఉంటాడు. పట్టుకునేది జబ్బును కాదు, పేదరికాన్ని. తిండి వస్తువులు చేయడం, అమ్మడం, బావుల దగ్గర నీళ్ళు తాకడం, బండి తోలడం ఇవన్నీ రోగులకు నిషేధించే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. బతుకుతెరువు తీసేసి, బతుకుతెరువు లేదని పట్టుకోవడం.

ఇది ఎక్కడో విన్నట్టు లేదా? మన తాతలమీద వేసిన చట్టమూ ఇదే అచ్చు. 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911 చట్టంతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. ఎరుకల వాళ్ళను స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో, యానాదులను నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో పెట్టినారు. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే చీటీ. అక్కడా ఒకే లెక్క. స్థిరమైన ఆధారం కనపడకపోతే అనుమానం, అనుమానం ఉంటే నిర్బంధం. ఒకరికి చర్మం మీద మచ్చ, ఇంకొకరికి పుట్టుక మీద మచ్చ. రెండూ చూసిన చూపుతో వేసిన ముద్రలే.

నేరస్థ జాతుల చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. ఆ రోజును మనం విముక్తి దినంగా చేసుకుంటాం. లెపర్స్ యాక్ట్ ఎప్పుడు పోయిందో తెలుసా? 2016లో. మందు వచ్చి, జబ్బు నయమై, మనవళ్ళు పుట్టినాక కూడా ఆ చట్టం పుస్తకాల్లో ఉండింది. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు అడగొచ్చన్న మాట పెళ్ళి చట్టాల్లోనుంచి 2019లో తీసేసినారు. అంటే మాకు పదిహేనేండ్లు దగ్గరపడేదాకా అది చట్టమే.

అరవై మైళ్ళ లోపల జరిగిన పెద్ద పని

ఇంత చీకటి చెప్పినాక మన పక్కనే వెలిగిన దీపం గురించి కూడా చెప్పాలి. పూతలపట్టు నుంచి చిత్తూరు, చిత్తూరు దాటితే వేలూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ పక్కంతా ఉత్తర ఆర్కాడు జిల్లానే. ఇప్పటికీ మన ఊళ్ళల్లో పెద్ద జబ్బు అంటే "వేలూరు తీసకపోండి" అనే మాటే ముందొస్తుంది.

పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టినాడు. అది కొండజాతుల నేల. ఆయన తల్లిదండ్రులు అక్కడ పనిచేసిన మిషనరీలు. ఆయన ఎముకల డాక్టరై 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చినాడు. చెంగల్పట్టు కుష్టు ఆశ్రమంలో అప్పుడు కాక్రేన్ అనే డాక్టరు ఉన్నాడు. ఆయన పిలిస్తే బ్రాండ్ చూడ్డానికి పోయినాడు. వంకర తిరిగిన వేళ్ళున్న ఒక రోగి చేయి పట్టుకుని గట్టిగా నొక్కమన్నాడు. ఆ పట్టుకు ఈయన చేయి నొప్పి పుట్టింది. ఆ రోగికి మాత్రం తాను ఎంత గట్టిగా నొక్కుతున్నాడో తెలీడం లేదు. అంటే కండ చచ్చిపోలేదు, చచ్చింది స్పర్శ.

అక్కడి నుంచి ఆయన వెతుకులాట మొదలైంది. కుష్టు వస్తే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని లోకమంతా నమ్మేది. ఆయన, ఆయనతో పనిచేసినవాళ్ళు గమనించింది వేరే. క్రిమి నరాన్ని దెబ్బతీస్తుంది. నరం పోతే నొప్పి పోతుంది. నొప్పి లేకపోతే పొయ్యి మీది కుండ కాలినా తెలీదు, చెప్పులో ముల్లు గుచ్చినా తెలీదు. పుండు పడుతుంది, మళ్ళీ అదే పుండు మీద నడుస్తారు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా మెలకువ రాదు. పొద్దున్నే చూస్తే వేలి ముక్క ఉండదు. అందుకే రోగులకు పిల్లులను పెంచుకోమని ఇచ్చినారు. నమ్మడానికి కష్టంగా ఉంటుంది కానీ అది నిజంగా జరిగింది. వేళ్ళను తిన్నది జబ్బు కాదు. నొప్పి తెలియని ఒళ్ళు, దాన్ని కాపాడే దిక్కులేని పేదరికం.

1948 నుంచి ఆయన బాగున్న కండరాల స్నాయువును (ఇది కండను ఎముకకు కట్టే తాడు) మార్చి కుట్టి వంకర వేళ్ళను మళ్ళీ తెరుచుకునేట్టు చేసినాడు. 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో షీఫెలిన్ కుష్టు పరిశోధనా కేంద్రం పెట్టినారు. మన పలమనేరు పక్కన ఉండే గుడియాత్తం తాలూకాలో ఆ కరిగిరి వాళ్ళు ఊరూరా తిరిగి మచ్చలు చూసి, మందులిచ్చి, జబ్బును ఎట్లా అదుపు చేయాలో చేసి చూపించినారు. చెప్పులు కుట్టే పద్ధతి దగ్గరనుంచి ఆపరేషను దాకా ప్రపంచం వేలూరును చూసి నేర్చుకుంది. ఇది ఎక్కడో అమెరికాలో కాదు, మన బస్సు పోయే దోవలో జరిగిన చరిత్ర.

మందు కథలో మనలాంటి ఒక అమ్మాయి

మందు లేని కాలంలో చాల్‌మోగ్రా నూనె వాడేవాళ్ళు. అది మన తూర్పు దేశాల అడవి చెట్ల గింజల నూనె. తాగితే వాంతి, సూదితో ఎక్కిస్తే ఒళ్ళంతా బొబ్బలు. దాన్ని నీళ్ళలో కలిసేట్టు చేసి సూది మందుగా పనికొచ్చేలా మార్చింది ఆలిస్ బాల్ అనే నల్లజాతి అమ్మాయి. హవాయి కాలేజీలో 1915లో ఎం.ఎస్. పట్టా తీసుకున్న మొదటి మహిళ, మొదటి నల్లజాతి మనిషి ఆమె. 1916 చివర ఇరవై నాలుగేండ్లకే చనిపోయింది. ఆమె పనిని కాలేజీ పెద్ద ఒకాయన తన పేరు మీద అచ్చు వేసుకున్నాడు. చాలా ఏండ్ల తర్వాతగానీ ఆమె పేరు బయటికి రాలేదు. మా హాస్టల్లో కెమిస్ట్రీ చదివే చెల్లెళ్ళు ఎవరైనా ఈ పోస్టు చదివితే, ఈ పేరు గోడమీద రాసుకోండి.

అసలు మలుపు 1941లో. అమెరికాలోని కార్విల్ ఆస్పత్రిలో ప్రోమిన్ అనే సూదిమందు పనిచేసింది. దాని అన్న వరస మందే డాప్సోన్. చవకైన మాత్ర. మన దేశంలో దాన్ని మొదట వాడి చూసినవాళ్ళలో చెంగల్పట్టు కాక్రేన్ ఒకరు. కానీ ఏండ్ల తరబడి ఒకే మాత్ర మింగితే క్రిమి దానికి లొంగడం మానేసింది. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇవ్వమని చెప్పింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్. జబ్బు తక్కువ ఉంటే ఆరు నెలలు, ఎక్కువ ఉంటే పన్నెండు నెలలు. ప్రభుత్వ ఆస్పత్రిలో పైసా లేకుండా ఇస్తారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వాళ్ళ నుంచి ఇంకొకరికి అంటే భయం పోతుంది.

ఒక విషయం ముందే తెలిస్తే మంచిది. రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. క్లోఫాజిమిన్ అసలు రంగు పదార్థం జాతి మందు. అది వాడినన్నాళ్ళూ చర్మం ఎర్రగా, నల్లగా మారుతుంది. ఆపిన కొన్ని నెలలకు మళ్ళీ మామూలవుతుంది. ఇది తెలీక చాలామంది, మందు వికటించిందనుకుని, ఊళ్ళో అడుగుతారని భయపడి మధ్యలో ఆపేస్తారు. ఆపకూడదు. ఆ నలుపు జబ్బు కాదు, మందు పనిచేస్తున్నప్పుడు వచ్చే రంగు.

2005 డిసెంబరులో మన దేశం కుష్టు పదివేల మందిలో ఒకరికన్నా తగ్గిందని ప్రకటించుకుంది. దాంతో అందరూ పోయిందనుకున్నారు. పోలేదు. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే.

బావంచాలు: అవ్వల మందులో ఉన్న నిజం

బొల్లి కథ వేరే. చర్మానికి రంగు ఇచ్చే కణాలను ఒంటిలోని రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీస్తే ఆ చోట రంగు పోతుంది. క్రిమి లేదు, అంటుకోవడం లేదు, స్పర్శ పోదు. పాలూ చేపా కలిపి తింటే వస్తుందన్నది ఉత్త మాట.

మాలో ఒకరి అవ్వ బొల్లికి బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టేది. ఊళ్ళో కొందరికి రంగు తిరిగొచ్చింది, కొందరికి బొబ్బలొచ్చి పుండ్లు పడినాయి. మేం చదువుకున్నాక అవ్వను చూసి నవ్వేవాళ్ళం. నవ్వడం తప్పని ఇప్పుడు తెలిసింది. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది ఎండ తగిలితే చర్మం మీద పనిచేస్తుంది. ఈజిప్టులో నైలు నది పక్కన పెరిగే ఒక మొక్కలోనూ అదే జాతి పదార్థం ఉంది. అక్కడి జనం దాన్ని బొల్లికి వాడేవాళ్ళు. కైరో డాక్టరు ఎల్ మోఫ్తీ 1940ల్లో దానిలో పనిచేసే పదార్థంతో వైద్యం చేసి చూపించినాడు. అక్కడినుంచే మందు ఇచ్చి కొలిచిన కాంతి పెట్టే వైద్యం పెరిగింది. ఇప్పుడు మందు లేకుండా ఒట్టి కాంతితోనే చేసే పద్ధతి పెద్దాస్పత్రుల్లో ఉంది. పూతమందులు ఉన్నాయి. మచ్చ పెరగడం ఆగిపోయినోళ్ళకు మంచి చర్మం తెచ్చి అతికే ఆపరేషను ఉంది. అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేం. తొందరగా మొదలుపెడితే మేలు.

అంటే మన పెద్దోళ్ళ మందు వట్టిది కాదు, కొలత లేనిది. ఎంత పూయాలి, ఎంతసేపు ఎండ తగలాలి అన్న లెక్క తెలిస్తే మందు, తెలీకపోతే నిప్పు. మా ఊరి పేరులోనే పూతా ఉంది, పట్టూ ఉంది అని మేం నవ్వుకుంటాం. ఏ పూత ఎవరికి వేయాలో తెలుసుకోవడమే చదువు.

మచ్చలను వేరుచేసి చూడడం

డాక్టరు చూడకుండా ఎవరూ తేల్చలేరు. కానీ భయపడాలా, ఆస్పత్రికి పోవాలా అని తెలుసుకోడానికి ఈ మాత్రం చాలు.

శోభి. రొమ్ము, వీపు, మెడ మీద చిన్నచిన్న తెల్లటి లేదా గోధుమ రంగు మచ్చలు. గోటితో గీరితే సన్నటి పొట్టు రాలుతుంది. చెమట ఎక్కువయ్యే కాలంలో వస్తుంది. ఒక రకం బూజుక్రిమి వల్ల. పూతమందుతో పోతుంది. క్రిమి చచ్చినా రంగు రావడానికి నెలలు పడుతుంది, మందు పనిచేయలేదని భయపడొద్దు.

పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు. కడుపులో పురుగులని మన ఇండ్లల్లో అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. చర్మం పొడిబారడమే. పెద్దయ్యేకొద్దీ పోతాయి.

మంగు. ఆడోళ్ళకు బుగ్గలమీద నల్లటి మచ్చ. కాన్పు సమయంలో, ఎండలో పనిచేసేవాళ్ళకు ఎక్కువ. తెల్లగా చేస్తామనే స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చెప్పకుండా పూస్తే ముందు తెల్లబడినట్టుండి తర్వాత చర్మం పలచనై మంట మొదలవుతుంది. మన రంగు జబ్బు కాదు. దానికి మందు కొనొద్దు.

మెడ వెనక నల్లగా, మందంగా మారడం. అది మురికి కాదు, రుద్దితే పోదు. కొందరికి షుగరు రాబోతోందని చెప్పే గుర్తు. పరీక్ష చేయించుకోవాలి.

బొల్లి. పాలలా తెల్లగా. స్పర్శ మామూలుగా ఉంటుంది. ఆ చోట వెంట్రుకలు కూడా తెల్లబడొచ్చు.

కుష్టు మచ్చ. పాలలా తెల్లగా ఉండదు. చుట్టూ ఉన్న చర్మం కన్నా కొంచెం పాలిపోయి, లేదా రాగి రంగులో ఉంటుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆ చోట చెమట పట్టదు, వెంట్రుకలు రాలతాయి. కళ్ళు మూసుకోమని చెప్పి దూది పోగుతో మెల్లగా తాకితే ఎక్కడ తాకినారో వేలు పెట్టి చూపలేరు. అరికాళ్ళు, అరచేతులు మొద్దుబారడం, చెవితమ్మెలు మందంగా మారడం, నొప్పిలేని పుండు, ఇవి కూడా గుర్తులే. ఒక్కోసారి మచ్చకు స్పర్శ ఉన్నా కుష్టు కావచ్చు. అనుమానం ఉంటే డాక్టరుకే చూపించాలి.

మళ్ళీ ఆ పళ్ళెం దగ్గరికి

అక్క మాట విన్నాక మేం పీహెచ్‌సీకి పోయి అడిగినాం. వాళ్ళు ఒక రోజు హాస్టలుకు వచ్చి దుప్పటి అడ్డం కట్టి ఒక్కొక్కరినీ చొక్కా విప్పించి చూసినారు. పదకొండు మందికి శోభి ఉంది. ఆ తమ్ముడిని ఊరినుంచి పిలిపించినాం. ఇద్దరం పోయి, వాళ్ళ నాయన ముందు తప్పు ఒప్పుకున్నాం. ఆయన ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చి, "తినిపోండి" అన్నాడు. ఆ తమ్ముడికి ఉన్నది బొల్లి. దూదితో ఎక్కడ తాకినా టక్కున చూపించినాడు.

ఇంకొకరికి మాత్రం భుజం వెనక అరచేయంత రాగి మచ్చ ఉంది. శోభి అనుకుని ఏడాదిగా ట్యూబు మందు పూస్తున్నాడు. కళ్ళు మూసుకున్నాక దూది తాకింది. ఆయన చూపించలేదు. మళ్ళీ తాకింది. "ఇంకా మొదలుపెట్టలేదా సార్?" అన్నాడు.

ఆ మచ్చ చొక్కా కింద ఉంది కాబట్టి ఆయన పళ్ళెం మీద ఎవరూ చుక్క పెట్టలేదు. ఆయన ఈ పోస్టు రాస్తున్న మాలో ఒకడు. నాలుగు ప్యాకెట్లు అయిపోయినాయి, రెండు ఉన్నాయి. గదిలో ఉన్న మా అందరికీ ముందుజాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒకే ఒక మోతాదు ఇచ్చినారు. ఆయన మాతోనే తింటాడు, మా పక్కనే పడుకుంటాడు. కలిసి తింటే, చేయి కలిపితే ఈ జబ్బు రాదు. మందు పడని రోగితో చాలా కాలం దగ్గరగా ఉంటే ముక్కు, నోటి తుంపర్ల వల్ల రావచ్చు. అప్పుడు కూడా చాలామంది ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

గాంధీ చనిపోయిన జనవరి 30న దేశమంతా కుష్టు నివారణ దినం చేస్తారు. సేవాగ్రాంలో పర్చురే శాస్త్రి అనే కుష్టు రోగికి ఆయన తన చేతులతో ఒళ్ళు కడిగి సేవ చేసినాడు. 2017 నుంచి ఆ రోజు జరిపే ప్రచారానికి పెట్టిన పేరు స్పర్శ.

మేం అడిగేది ఒకటే. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు మీ యానాది సంగంలో, ఎరుకల వీధిలో, తండాలో ఇంట్లోవాళ్ళ వీపులు చూడండి. అవ్వకు, తాతకు వీపు వాళ్ళకు కనపడదు. కూలికి పోయే అమ్మ అరికాలు ఎవరూ చూడరు. ఒక దూది పోగు చాలు. అనుమానం వస్తే ఊళ్ళో చెప్పకుండా ఆశా అక్కకు చెప్పండి, పీహెచ్‌సీకి తోడు పోండి. ఆ మనిషిని ఒంటరిగా పంపొద్దు.

చూపుతో వేసిన ముద్రలు మన తాతలు చాలా మోసినారు. మనం ఇంకొకరి మీద వేయొద్దు. ముందు తాకి చూద్దాం.

మీ ఊళ్ళల్లో మచ్చలకు ఏం పేర్లు వాడతారో, ఏం మందులు వేస్తారో కింద రాయండి. అన్నీ కలిపి ఒక చోట పెడతాం.

ఇట్లు,
పూతలపట్టు హాస్టలు పిల్లలం